అరవై వాక్యాల్లో లేని మాట

ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పి బతికాను. అందులో మొదటి పదేళ్లు నాకు ఇంగ్లీషు రాదు. ఈ సంగతి నా దగ్గర చదువుకున్న వాళ్లకు తెలియదు. తెలిసుంటే నడిబజారులో నిలదీసేవాళ్లు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఈ మధ్య పలమనేరు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు హేమలత. స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు పెట్టబోతోందట. సంచీలోంచి లావుపాటి నోటుబుక్కు తీసి, పెన్ను మూత విప్పి, "సార్, పరాయి భాష నేర్చుకోవడానికి గ్రామర్ పద్ధతి మంచిదా, మాట్లాడే పద్ధతి మంచిదా?" అని అడిగింది. ఉప్పు మంచిదా, కారం మంచిదా అన్నట్టు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపొచ్చు. కానీ ఆ ముక్క నాకు దొరకడానికి మూడు ఊళ్లు, ఇద్దరు బాసులు, ఒక రాతిబండ కావలసి వచ్చాయి. అదంతా ఆమెకు చెప్పిన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయడం లేదు. రాయడానికి అవి ఉండాలి కదా.

మదనపల్లె: నోరు మూసుకుని నేర్చుకోవడం

మాది బి.కొత్తకోట పక్క పల్లె. ఎం.ఏ. ఇంగ్లీషు ఫస్టు క్లాసులో పాసై, తొంభైల మొదట్లో మదనపల్లెలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో చేరాను. ప్రిన్సిపాలు శేషాచలం గారు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, చేతిలో ఎర్ర పెన్ను. ఆయన నమ్మకం ఒకటే: రూల్సన్నీ వచ్చేదాకా ఎవడూ నోరు తెరవకూడదు.

"తప్పు మాట్లాడితే ఆ తప్పు నాలుక మీద కూర్చుంటుందయ్యా. మళ్లీ లేవదు. వాక్యం మనసులో పూర్తిగా తయారైన తర్వాతే పెదవి కదలాలి," అనేవారు.

పిల్లలు రెండేళ్లు రూల్సు రాసేవాళ్లు. ఎంత బాగా రాసేవాళ్లంటే, ఎక్కడ తప్పుందో చీకట్లో కూడా పట్టుకోగలరు. కానీ "నీ పేరేమిటి" అని ఇంగ్లీషులో అడిగితే గోడ వైపు చూసేవాళ్లు. నేనూ అంతే. ఒకసారి కాలేజీకి బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. అవతల ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. శేషాచలం గారు రిసీవరు నాకిచ్చారు. నేను గుమాస్తాకిచ్చాను. గుమాస్తా దాన్ని జాగ్రత్తగా ఫోను మీద పెట్టేశాడు. ముగ్గురం ఎవరి పని వాళ్లు చూసుకున్నాం. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అంతకన్నా పెద్ద అవమానం బస్టాండులో జరిగింది. వీపున సంచులు తగిలించుకున్న తెల్లవాళ్లు ఇద్దరు నన్ను ఏదో అడిగారు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం చూసి నన్నే ఎంచుకున్నట్టున్నారు. నా మనసులో వాక్యం తయారవుతోంది. కర్త దొరికింది, క్రియ కోసం వెతుకుతున్నాను. అవి రెండూ కలిసేలోపల వాళ్లు విసిగిపోతారేమోనని, చెయ్యెత్తి ఏదో ఒక దిక్కు చూపించాను. అది టమోటా మార్కెట్టు దారి. వాళ్లు థాంక్యూ చెప్పి అటే బయల్దేరారు. పక్కనే టీ అంగడాయన ఉరికి వాళ్లను వెనక్కి పిలుచుకొచ్చాడు. "హార్స్‌లీ హిల్స్? దట్ బస్. ట్వెల్వ్ ఓ క్లాక్. సిట్. టీ," అన్నాడు. వాళ్లు కూర్చున్నారు. టీ తాగారు. నేను ఒక బస్సు వెనకాల నిలబడి ఇదంతా చూశాను.

టీ అంగడాయన మూడో క్లాసు కూడా పూర్తిగా చదవలేదు. ఆ రోజు నేను నేర్చుకోవలసిన పాఠం నా కళ్ల ముందే ఉంది. నేనేం చేశానో తెలుసా? మర్నాడు క్లాసులో "ఆ టీ అంగడాయన ఇంగ్లీషులో ఎన్ని తప్పులున్నాయో చెప్పండి" అని పిల్లలకు అభ్యాసం ఇచ్చాను.

పుంగనూరు: నిమిషానికి నలభై అయిదు మాటలు

శేషాచలం గారి ఎర్ర పెన్నుకు దండం పెట్టి పుంగనూరు చేరాను. అక్కడ నాగరాజప్ప అని ఒకాయన ఏళ్ల తరబడి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. ఊళ్లో సగం మంది గుమాస్తాలు ఆయన బెంచీల మీద కూర్చుని లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసైన వాళ్లే. కంప్యూటర్లు వచ్చేసరికి టైపు మిషన్లు మూలన పడ్డాయి. బల్లలు ఖాళీ అయ్యాయి. ఖాళీ బల్లల మీద ఆయన ఇంగ్లీషు పెట్టాడు.

"నాకు ఇంగ్లీషు రాదు సార్, కానీ నేర్పించేది వచ్చు," అన్నాడు మొదటి రోజే. "దేనికైనా ప్రాక్టీసే గదప్పా. టైపులో ఏం జేస్తాం? అక్షరం సూడకుండా కొట్టల్ల. దీంట్లో? ఆలోచన సెయ్యకుండా మాట్లాడల్ల. అంతే యవ్వారం."

ఇద్దరం కూర్చుని అరవై వాక్యాలు తయారు చేశాం. నా పేరు ఫలానా, మా ఊరు ఫలానా, నేను కష్టపడి పని చేస్తాను, నాకు ఆత్మవిశ్వాసం జాస్తి, ఇట్లాంటివి. బల్ల మీద టైంపీసు పెట్టి, నిమిషానికి ఇన్ని మాటలని లెక్క. ముప్పై చెబితే లోయరు. నలభై అయిదు చెబితే హయ్యరు. పక్క గదిలో ఇంకా రెండు మిషన్లు నడుస్తుండేవి. లైను చివరికొచ్చినప్పుడల్లా మిషను టింగుమనేది. మా పిల్లలకు అదెంత అలవాటైందంటే, పది మాటలు చెప్పి, టింగు కోసం ఆగి, మళ్లీ అందుకునేవాళ్లు. మిషన్లు లేని రోజు మధ్యలో ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో తెలిసేది కాదు.

శేషాచలం గారి దగ్గర నోరు పెగలని పిల్లలను చూసి వచ్చిన నాకు, ఇక్కడ గది నిండా ఇంగ్లీషు మోగుతుంటే ఒళ్లు పులకరించింది. నిజం చెప్పాలి. నాగరాజప్పలో ఒక మంచి గుణం ఉంది, తప్పు మాట్లాడిన వాణ్ని చూసి ఎప్పుడూ నవ్వలేదు. తప్పో ఒప్పో ఆయనకు తెలియదు కాబట్టి. ఆ ఒక్క కారణానికే సిగ్గుపడే పిల్లలు కూడా ఆయన దగ్గర నోరు విప్పారు. ఇది చిన్న విషయం కాదు.

కానీ ఒకనాడు వెనక బెంచీలోంచి ఒక ఆడపిల్ల లేచి అడిగింది. "సార్, ఎదుటోళ్లు మాట్లాడితే మనమేం జెయ్యల్ల?"

నాగరాజప్ప తడుముకోలేదు. "నువ్వు స్పీడుగా జెప్తే వాళ్లు యాడ మాట్లాడ్తారమ్మా?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అరవై వాక్యాల్లో ఎదుటి మనిషి నోరు తెరిచే సందు ఎక్కడా లేదని ఆ పిల్ల కనిపెట్టింది. దాన్ని తయారు చేసిన ఎం.ఏ.కి మాత్రం తట్టలేదు.

కుప్పం: మునెప్ప రావడం

రెండు వేల సంవత్సరం దాటాక నాగరాజప్ప కుప్పంలో బ్రాంచి పెట్టి నన్ను పంపాడు. కుప్పం మూడు రాష్ట్రాల మూల. పొద్దున పూలమ్మే ఆమెతో అరవం, రైల్లో కన్నడం, ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ. మధ్యాహ్నం లోపల నాలుగు భాషలు వాడేసి, సాయంత్రం నా దగ్గరికొచ్చి "నాకు భాషలు రావు సార్" అనేవాళ్లు. నేనూ నమ్మేవాణ్ని.

మునెప్ప ఒక రోజు పొద్దున పది గంటలకొచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. తలమీద, కనుబొమల మీద రాతిపొడి. కుడిచేతి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయివారూ, నాకు ఇంగ్లీషు గావల్ల. రెండు నెల్ల లోపల."

ఊరి బయట గ్రానైటు క్వారీలో ఆయన మేస్త్రి. రెండేళ్ల కిందట బండ జారి చెయ్యి నలిగింది. అప్పట్నించి ఉలి పట్టలేడు. తీసిన బండల్లో ఏది మంచిదో చూసి, కొనేవాళ్లకు చూపించే పని ఇచ్చారు. కొనేవాళ్లు ఇటలీ నుంచి వస్తారు. ఇంతకాలం వచ్చిన పెద్దాయన మానుకున్నాడు. ఆయనకూ మునెప్పకూ చేతి సైగలతో జరిగిపోయేది. ఇప్పుడు కొత్త మనిషి వస్తున్నాడు. క్వారీ ఓనరు ఖండితంగా చెప్పేశాడట: కొత్తాయనతో ఇంగ్లీషులో మాట్లాడితే ఉండు, లేకుంటే బెంగళూరు నుంచి ఇంకొకణ్ని తెచ్చుకుంటాను.

"ఉలి పట్టే శెయ్యి పాయ. సూపిచ్చే పని గూడా పోతే ఇంగ నేను జేసేకి ఏం లేదు సార్. ఇద్దురు బిడ్డలు సదువుకుంటాండారు," అన్నాడు.

"నీకు ఎన్ని భాషలొస్తాయి మునెప్పా?"

"తెలుగు ఒగటే సార్."

"క్వారీలో అరవం వాళ్లుంటారు కదా, వాళ్లతో ఎట్లా?"

"అరవంలో మాట్లాడ్తా."

"కన్నడం?"

"ఆఁ, మాట్లాడ్తా. ఉర్దూ గూడా పనికి సరిపోయేంత."

"అవన్నీ ఎవరు నేర్పారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నేర్పేదేముండాది సార్? పని జేసే కాడ కూసుంటే అవే వస్తాయి."

పదేళ్లుగా నేను వెతుకుతున్న జవాబు ఆయన నా బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని పక్కకు జరిపి అరవై వాక్యాల కాగితం తీశాను.

రూల్సు పద్ధతి ఉంది, స్పీడు పద్ధతి ఉంది, ఏది కావాలో ఎంచుకోమన్నాను, చీరల అంగట్లో మాదిరి. మునెప్ప ఆలోచించి మూడో పద్ధతి చెప్పాడు. వాళ్ల ఊళ్లో ఏటా వీధి నాటకం ఆడతారు, ఆయన ఇరవై ఏళ్లుగా వేషం కడుతున్నాడు. పద్యాలకు అర్థం తెలియకపోయినా రాగంతో కంఠతా పట్టేస్తాడు. "అట్ల నేర్పిచ్చండి సార్, నాకు సులువైతాది," అన్నాడు. నాకూ సులువే. అరవైలో ఇరవై మార్చి, క్వారీ గురించి, బండ రంగు గురించి రాసిచ్చాను. తెలుగు లిపిలోనే.

మూడు వారాల్లో ఆయన మొత్తం అప్పజెప్పేశాడు. వట్టి అప్పజెప్పడం కాదు. ఒక చెయ్యి చెవికి ఆనించి, గొంతెత్తి, వాక్యం చివర తీగ లాగి ఆపేవాడు. "అవర్ స్టోన్ ఈజ్ వెరీ స్ట్రాంగ్" అనేదాన్ని ఆయన నోట వింటే యుద్ధానికి బయల్దేరాలనిపించేది. టైంపీసు పెట్టి చూస్తే నిమిషానికి అరవై దాటింది. పుంగనూరులో కూడా అంత రాలేదు. నాగరాజప్ప బస్సెక్కి వచ్చి మరీ చట్రం కట్టించిన సర్టిఫికెట్ ఇచ్చి, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

పద్యం తెగింది

ఇటలీ మనిషి వచ్చే రోజు నన్ను కూడా రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, శిష్యుడి ఘనత చూద్దామని పోయాను. ఆ మనిషికి ముప్పై అయిదుంటాయి. ఎండకు ముఖం ఎర్రబారింది. ఆ పూటే ఇంకో మూడు క్వారీలు చూడాలట. తొందరలో ఉన్నాడు. చేతిలో రంగు బ్రష్షు. నచ్చిన బండ మీద గుర్తు పెడితే అది ఓడెక్కి పోయినట్టే.

ఆ పొద్దునే క్రేనుతో తీసిన పెద్ద బండ ముందుంది. మునెప్ప దాని పక్కన నిలబడి మొదలుపెట్టాడు. "గుడ్ మార్నింగ్ సార్. వెల్కం టు అవర్ క్వారీ. మై నేమ్ ఈజ్ మునెప్ప."

మూడో వాక్యం దగ్గర ఇటలీ ఆయన ఏదో అడిగాడు.

మునెప్ప ఆగాడు. నా వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్ సార్. వెల్కం టు అవర్ క్వారీ," అని మొదటి నుంచి అందుకున్నాడు.

వీధి నాటకంలో అంతే. పద్యం మధ్యలో తెగితే ఎత్తుగడ నుంచి మళ్లీ పాడాలి. మధ్యలోంచి అతికించడం ఎవరికీ రాదు. అక్కడ జనం ఓపిగ్గా ఉంటారు, కావాలంటే వన్స్‌మోర్ కూడా కొడతారు. ఇక్కడ ఇటలీ ఆయన మళ్లీ అడిగాడు. మునెప్ప మళ్లీ గుడ్ మార్నింగ్ చెప్పాడు. మూడోసారి గుడ్ మార్నింగ్‌కు ఓనరు ముఖం నల్లబడింది.

"ఏందప్పా మునెప్పా, గీత పడిన రికార్డు మాదిరి తిరిగిందే తిరగతాండావ్! సార్, మీరన్నా మాట్లాడండి. అయివారు గదా!"

ఇటలీ ఆయన నా వైపు తిరిగాడు. బండను చూపించాడు, పక్కనున్న నీళ్ల బక్కెట్టును చూపించాడు, ఒక పొడుగు వాక్యం అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా చుట్టూ ఓనరు, క్రేను డ్రైవరు, కూలీలు అందరూ అయివారి ఇంగ్లీషు వినడానికి మూగారు. నేను చిరునవ్వు నవ్వాను. తల ఊపాను.

"ఎస్. ఎస్. వెరీ గుడ్."

ఆయన సంతోషించి బ్రష్షు రంగులో ముంచాడు.

"నో!" అని కేక. మునెప్ప. బండకూ బ్రష్షుకూ మధ్యలోకి వచ్చి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "నో సార్. నో."

"ఒరే, మతి పోయిందా? పక్కకు రా!" అని ఓనరు అరిచాడు.

మునెప్ప ఓనరును చూడలేదు. నన్ను చూశాడు. "అయివారూ, పొద్దున తట్టి సూస్తే ఆ మూల తప్పెట మాదిరి పలికింది. లోపల బీట ఉన్నట్లుండాది. నీళ్లు పోసి ఆరేదాకా సూడల్ల. ఇది అట్లే పోయి ఆడ పగిలితే సూపిచ్చినోడి మీదికే వస్తాది. కొంచేపు ఉండమని జెప్పండి సార్!"

కొంచెంసేపు ఆగండి. ఇంగ్లీషులో ఒక్క మాట చాలు. ఒకటో క్లాసు పిల్లవాడికి వచ్చిన మాట. కానీ నా లోపల శేషాచలం గారు ఎర్ర పెన్నుతో కూర్చుని ఉన్నారు. 'దయచేసి' ముందు పెట్టాలా వెనక పెట్టాలా? బండ ఆరేవరకు అనాలా, ఆరిన తర్వాత అనాలా? నా వాక్యం తయారవుతూనే ఉంది.  

మునెప్ప ఇక నా కోసం ఆగలేదు.

బండ ఆరేదాకా

బక్కెట్టెత్తి నీళ్లు బండ మీద కుమ్మరించాడు. అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. వేలితో సూర్యుణ్ని చూపించాడు, బండను చూపించాడు. "ఇరు సార్. రుకో. తాళు," అని తనకొచ్చిన భాషలన్నింట్లో చెప్పాడు. ఆ తర్వాత నేల మీద చతికిలబడి, పక్కన నేలను చేత్తో తట్టాడు, కూర్చోమని.

ఇటలీ ఆయన గడియారం చూసుకున్నాడు. నన్ను చూశాడు. నేను ఇంకా క్రియ దగ్గరే ఉన్నాను. ఆయన మునెప్పను కాసేపు తేరిపార చూసి, నవ్వి, మంచి ప్యాంటుతో ఆ రాతిపొడిలో కూర్చున్నాడు.

ఆ ఎండలో బండ ఆరడానికి అర్ధగంట పట్టింది.  ఈలోపల ఇటలీ ఆయన బక్కెట్టులో వేలు ముంచి "ఆక్వా" అన్నాడు. మునెప్ప "నీళ్లు" అన్నాడు. ఆయన బండ మీద చెయ్యి వేసి "పియెత్రా" అన్నాడు. "బండ," అన్నాడు మునెప్ప. ఆయన నోట 'బండ' తిరగలేదు. కూలీలు నవ్వారు, ఆయనా నవ్వి నాలుగుసార్లు అన్నాడు. ఎండ, సుత్తి, చెయ్యి. మునెప్ప ముడుచుకుపోయిన వేళ్లు చూపించాడు. ఆయన తన మోచేతి మీద మచ్చ చూపించాడు. ఆయన కూడా రాతి పని నుంచే పైకొచ్చిన వాడట. దాని మీద ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అర్థం అయిందో లేదో, ఎవరూ ఆగలేదు, ఎవరూ మొదటికి పోలేదు. నేను మాత్రం ఇస్త్రీ చొక్కాతో నిలబడే ఉన్నాను.

బండ ఆరింది. పైనంతా తెల్లబడింది. ఒక మూల నుంచి మధ్య దాకా సన్నటి నల్లటి గీత మాత్రం తడిగానే నిలబడింది. బీటలో దిగిన నీళ్లు అంత తొందరగా ఆరవు. మునెప్ప లేచి దాని వెంబడి వేలు గీశాడు. ఇటలీ ఆయన ఈల వేశాడు. బండ మీద అడ్డంగా కొట్టివేత గుర్తు పెట్టాడు. అక్కడి నుంచి ప్రతి బండ దగ్గరా ముందు మునెప్పను తట్టమని, నీళ్లు పోయమని, పక్కన కూర్చున్నాడు. పోవలసిన మూడు క్వారీలకూ ఆ రోజు పోలేదు. సాయంత్రానికి ఏడు బండల మీద గుర్తు పడింది. ఓనరు ముఖం మళ్లీ మామూలు రంగుకొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు క్వారీ ట్రాక్టరులో మునెప్పా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. 

"మీరు యాల ఎస్ అన్యారు సార్?"

"ఆయనేం అడిగాడో నాకు అర్థం కాలేదు మునెప్పా."

"అయితే ఆ మాటే జెప్పాల్సింది గదా."

అరవై వాక్యాలూ మనసులో ఒకసారి తిరగేశాను. ఆ మాట అందులో లేదు. శేషాచలం గారి రూల్సులోనూ లేదు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న మనిషికి అన్నిటికన్నా ముందు కావలసిన మాట, నా పదేళ్ల పాఠాల్లో ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం మరచిపోవడం కాదు, సిగ్గు. అర్థం కాలేదంటే అయివారు ఎట్లా అవుతాను?

"మీ తలకాయ ఊపుడికి నా పని పోయుండు సార్," అన్నాడు మునెప్ప. కోపంగా కాదు, మామూలుగా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇద్దరు పిల్లల చదువును నేను ఒక తల ఊపుతో ఓడెక్కించబోయాను. సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆ సిగ్గు ఇప్పటికీ కొంత మిగిలే ఉంది. ఉండనిచ్చాను కూడా. ఈ వృత్తిలో అది పనికొస్తుంది.

మళ్లీ వచ్చినప్పుడు

మునెప్ప తర్వాత నా క్లాసుకు రాలేదు. నాగరాజప్ప ఇచ్చిన సర్టిఫికెట్ క్వారీ షెడ్డులో నీళ్ల కుండ మీద మూతగా ఉందని విన్నాను. చట్రం కట్టించి ఇచ్చాం కదా, సరిగ్గా కుదిరిందట. నాలుగు నెలల తర్వాత ఆయనే మనిషిని పంపాడు. ఇటలీ ఆయన మళ్లీ వస్తున్నాడు, అయివారిని కూడా రమ్మను, ఊరికే వచ్చి కూసోమను, అని.

వాక్యాలేవీ తయారు చేసుకోకుండా, పాత చొక్కాతో పోయాను. బండ మీద నీళ్లు పోశారు. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. వాళ్లిద్దరూ సగం ఇంగ్లీషు, పావు తెలుగు, మిగతాది చేతులతో మాట్లాడుకుంటున్నారు. మునెప్ప ఇంగ్లీషులో రూల్సు లేవు, స్పీడు లేదు. తెలియకపోతే "వాట్?" అని నిలదీస్తున్నాడు. ఆయన మళ్లీ చెబుతున్నాడు. అంతే.

 బండ ఇంకా ఆరలేదు. నేను నోరు తెరిచాను.

"లాస్ట్ టైమ్ ఐ సెడ్ ఎస్. ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్."

నా జీవితంలో ఒక పరదేశి మనిషితో నేను తెలిసి మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. ఇటలీ ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, చెయ్యి గుండె మీద వేసుకుని గట్టిగా నవ్వాడు. "మీ టూ! ఎవ్రీవేర్ ఐ సే ఎస్!"

ఆయన పోయినసారి నన్ను అడిగింది ఏమిటో కూడా ఆ రోజే తెలిసింది. నీళ్లు పోసి ఆరేదాకా చూశారా అని అడిగాడట. దానికి నేను వెరీ గుడ్ అని జవాబిచ్చాను.

"ఏమంటాండాడు సార్?" అన్నాడు మునెప్ప.

"ఆయనకూ ఇంగ్లీషు అంతంత మాత్రమేనట. అర్థం కాకపోయినా ఎక్కడికి పోయినా ఎస్ అంటాడట."

"సరిపాయ. మీరిద్దురూ ఒగే ఇస్కూల్లో సదివినట్లుండారు."

ఆ మాట ఇటలీ ఆయనకు ఇంగ్లీషులో చెప్పమన్నాడు. చెప్పాను. తప్పులతో చెప్పాను. ఆయన రాతిపొడిలో వెనక్కి వాలి నవ్వాడు. అప్పట్నించి ఆయన వచ్చినప్పుడల్లా నేనూ పోయి కూర్చునేవాణ్ని. నా అసలు ఎం.ఏ. అక్కడే పూర్తయింది. మునెప్ప చెయ్యి నడవకపోయినా మాట నడిచింది, ఆ పనిలోనే ఇద్దరు పిల్లలనూ చదివించుకున్నాడు.

ఇదంతా హేమలతకు చెప్పాను. ఏ పద్ధతైనా పెట్టుకో తల్లీ, అన్నాను. రూల్సు కావాలి, అవి లేకుంటే రాత నిలబడదు. ప్రాక్టీసు కావాలి, అది లేకుంటే నోరు తిరగదు. కంఠపాఠం కూడా చెడ్డది కాదు. కానీ మొదటి రోజు మొదటి పాఠం మాత్రం 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనే మాట. ఆ తర్వాత, మాటలు నడిచే చోటికి పిల్లలను తీసుకుపోయి కూర్చోబెట్టు. బండ ఆరేదాకా కూర్చునే ఓపిక ముందు నీకుండాలి.

ఆమె గబగబా రాసుకుంది. పెన్ను మూత పెట్టి, నోటుబుక్కు సంచీలో వేసుకుంది. పలమనేరు బస్సుకు టైమవుతున్నట్టుంది, లేచి నిలబడింది.

"అంతా అర్థమైందా అమ్మా?" అన్నాను.

"ఎస్ సార్. వెరీ గుడ్ సార్," అంది, చిరునవ్వుతో తల ఊపుతూ.

ఆ తల ఊపుడు నాకు బాగా తెలుసు.

"కూర్చో," అన్నాను. "తర్వాతి బస్సుకు పోదువు."